రెండో అంతస్తులో ఎవరూ ఏడవరు

చీకటి పడ్డాక ఆ వృద్ధుల హోములో రెండో అంతస్తు చివరి గది వైపు ఎవరూ వెళ్ళరు.

పని పడినా వెళ్ళరు. ఏదో ఒక వంక పెట్టి పొద్దుటికి తోసేస్తారు. దుప్పట్ల బీరువా దాకా సరే. బీరువా దాటి అవతలికి... ఊహూఁ. అక్కడ కారిడారు కాస్త వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఎన్ని బల్బులు మార్చినా మాడిపోతాయని చెప్పుకుంటారు. వంపు తిరిగాక ఒకే ఒక్క తలుపు. ఆ తలుపు వెనక రాత్రిళ్ళు ఎవరో ఏడుస్తుంటారు.

గట్టిగా కాదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చినట్టు — సన్నగా, తెంపులు తెంపులుగా.

ఒకప్పుడు ఆ గదిలో ఒక ముసలావిడ ఉండేదట. రాత్రి ఒంట్లో బాగోలేక పిలిచిందట. పిలిచి పిలిచి, ఎవరూ పలక్క, ఆ పిలుపులోనే ప్రాణం పోయిందట. తెల్లారేదాకా ఎవరూ చూడలేదట. అప్పటి నుంచీ అంతే.

ఇది నాకు చెప్పింది మా వదిన. వదిన అక్కడ నర్సు. ఇలాంటివి నమ్మే మనిషి కాదు. శవాన్ని కడిగి చేతులు తుడుచుకుని, వచ్చి అన్నం తినగల గట్టి మనిషి. అందుకే ఆవిడ గొంతు తగ్గించి, తలుపు వైపు ఓసారి చూసి మొదలుపెట్టేసరికి నేను నోరు మూసుకుని విన్నాను. ఆవిడ చెప్పినట్టే చెప్తాను.

పగలు తన పాపని చూసుకోవచ్చని వదిన రాత్రి డ్యూటీ అడిగి మరీ తీసుకుంది. చేరిన రోజే ఆయా చేయి పట్టుకుని తీసుకెళ్ళి, బీరువా చూపించి, ఇదే మన సరిహద్దు అనుకో అని చెప్పిందట. వాచ్‌మన్ అయితే ఇంకో మెట్టు ఎక్కాడు. తాను స్వయంగా ఆ ఏడుపు విన్నానని, మర్నాటికి జ్వరం తగిలి మంచం దిగలేదని చెప్పాడు. వదిన నవ్వి ఊరుకుంది.

నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక రాత్రి తనూ విన్నది.

విన్నది గానీ వెళ్ళి చూడలేదు. ఎందుకు చూడలేదూ అని అడిగితే, చేతినిండా పని అంది. అది నిజమే. అంతస్తు మొత్తానికి ఒక నర్సు, ఒక ఆయా. గదికి నాలుగు మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య ఒక తెర. తెర లాగితే మనిషి కనపడదు గానీ, గుటక మింగినా పక్కవాళ్ళకి వినిపిస్తుంది. బట్టలు మార్చేది అక్కడే. మలమూత్రాలు ఎత్తేది అక్కడే. ఇంటి నుంచి ఫోనొస్తే మాట్లాడేది అక్కడే. స్నానాల గదికి లోపల గడియ ఉండదు, ఎవరైనా జారి పడతారని. రాత్రంతా తలల మీద లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎవరైనా మంచం దిగితే కనపడాలని.

అయినా ఆ అంతస్తుకి మంచి పేరు. కొత్తగా ఎవరైనా తల్లినో తండ్రినో చేర్పించడానికి వస్తే మేనేజరు నేరుగా అక్కడికే తీసుకొచ్చేవాడు. “చూడండి, ఎంత ప్రశాంతంగా ఉన్నారో. మా రెండో అంతస్తులో ఎవరూ ఏడవరండీ.”

అది అబద్ధం కాదు. ఎవరూ ఏడ్చేవారు కాదు.

ఎందుకో వదినకి ముందు తెలియలేదు. టీచరమ్మ సంగతి విన్నాక తెలిసింది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నడుం దాటే జుట్టు ఆవిడకి. తల రుద్దడం కష్టంగా ఉందని ఒక రోజు పొద్దున ఎవరో కత్తెర తెచ్చి మెడ దాకా కత్తిరించేశారు. ఆవిడని అడగలేదు. అద్దంలో చూసుకుని ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. సాయంత్రం అయినా ఆపలేదు. ఏడుపు ఆగకపోతే ‘అశాంతి’ అని రాసి మాత్ర వెయ్యాలి — అక్కడి పద్ధతి అది. వేశారు. మర్నాడు ఆవిడ గడ్డం గుండె మీద వాలిపోయింది. నోటి పక్క నుంచి చొంగ కారింది. పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుంది. మళ్ళీ మనిషి కావడానికి చాలా రోజులు పట్టింది.

గదిలో మిగతా మంచాల వాళ్ళు అదంతా చూశారు. పక్క గదుల వాళ్ళూ చూశారు. ఆ తర్వాత రెండో అంతస్తులో ఏడుపన్నది లేదు.

లారీ తాతగారూ ఆ అంతస్తులోనే ఉండేవారు. జీవితమంతా లారీ నడిపారు కాబట్టి ఆ పేరు. మోకాళ్ళు అరిగిపోయి, గోడకి కొట్టిన కడ్డీ పట్టుకుంటే తప్ప నడవలేరు. ఆయన భార్య కింది అంతస్తులో. ఆవిడకి మతి చెదిరింది. మతి లేనివాళ్ళందరినీ కిందే ఉంచుతారు. మొగుడూ పెళ్ళాలైనా సరే, పద్ధతి పద్ధతే. రోజూ సాయంత్రం చక్రాల కుర్చీలో ఆయన్ని కిందికి దింపేవారు. ఆవిడ ఆయన్ని గుర్తు పట్టేది కాదు. అయినా ఆయన చెయ్యి మాత్రం వదిలేది కాదు.

అంతలో కింద జ్వరాలు మొదలయ్యాయి. రాకపోకలు ఆపేశారు. ఆ జ్వరాల్లోనే ఆవిడ పోయింది.

వాళ్ళకి ఒక్కడే కొడుకు. కళ్ళజోళ్ళ కొట్టు నడుపుతాడు. నాన్న గుండె తట్టుకోదు, చెప్పకండి, సమయం చూసి నేనే చెప్తాను అని మేనేజరుని బతిమాలాడు. మేనేజరు సరేనన్నాడు. అంత్యక్రియలు అయిపోయాయి. కొడుకుకి ఆ సమయం మాత్రం దొరకలేదు.

భారమంతా వదిన నెత్తిన పడింది. డ్యూటీకి రాగానే తాతగారు అడిగేవారు, మా ఆవిడ ఎలా ఉందమ్మా అని. కింద జ్వరాలు ఇంకా తగ్గలేదు గానీ ఆవిడ బానే ఉన్నారు అని వదిన చెప్పేది. ఒక్క మాటతో ఆగేవారు కాదు. ఏం తింది? నిద్ర పోయిందా? పాదాలు చల్లబడతాయి ఆవిడకి, దుప్పటి కింది దాకా కప్పారా? వదిన నోటికి వచ్చింది అల్లుకుంటూ పోయేది. పాలు తాగారు. కిటికీ పక్కన కూర్చున్నారు. ఆయా ఏదో అంటే నవ్వారు. ఆయన కళ్ళు మూసుకుని అంతా వినేవారు. వదిన పక్కకి వచ్చి కుళాయి తిప్పి మొహం కడుక్కునేది.

ఒక వాన రాత్రి కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు గురకపెట్టి ఆగిపోయింది.

వదిన టార్చి పట్టుకుని మంచాలు చూసుకుంటూ వస్తోంది. లారీ తాతగారి దుప్పటి నిండా కప్పి ఉంది. ఎందుకో అనుమానం వచ్చి చెయ్యేసింది. మెత్తగా తగిలింది. దుప్పటి లాగితే — దిండ్లు.

మెట్ల దగ్గర గేటు వేసే ఉంది. స్నానాల గది ఖాళీ. మిగతా గదులు చూసింది, లేరు. పక్క మంచాల వాళ్ళని లేపి అడిగింది. ఒక్కరూ నోరు విప్పలేదు. వాన చప్పుడులో కింద పడి తల పగిలినా వినపడదు. ఆయాని మిగతావాళ్ళ దగ్గర ఉంచి, వాచ్‌మన్‌ని పైకి పిలిపించింది.

ఇక మిగిలింది ఒకటే చోటు.

వాచ్‌మన్ బీరువా దగ్గర ఆగిపోయాడు. తను ఇక్కడే నిలబడి వెలుగు చూపిస్తానని, ధైర్యంగా వెళ్ళమని అన్నాడు. వదిన నాలుగడుగులు వేసేసరికి వెనక వెలుగు లేదు. చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోతోంది.

అప్పుడు వినిపించింది.

సన్నగా... తెంపులు తెంపులుగా... వంపు అవతల నుంచి.

వదిన వెనక్కి పోదామనుకుంది. కానీ మంచం ఖాళీగా ఉంది. గోడ మీది కడ్డీ పట్టుకుని అడుగులో అడుగు వేసింది. చేతికి కడ్డీ తడిగా తగిలింది — ఇప్పుడే ఎవరో చెమట పట్టిన చేత్తో పట్టుకుని వెళ్ళినట్టు. వంపు తిరిగింది. టార్చి వెలుగు తలుపు మీద పడింది.

ఏడుపు ఆగిపోయింది.

వాన... వాన... ఇంకేమీ లేదు. వదిన పిడి మీద చెయ్యి వేసింది. లోపల నుంచి — తలుపుకి అవతల, సరిగ్గా ఆవిడ చెవికి ఎదురుగా — ఒక బొంగురు గొంతు లేచింది.

“పో... వెళ్ళిపో...”

పైప్రాణాలు పైనే పోయాయి అంది వదిన. చేతిలోంచి టార్చి జారింది. అయినా చెయ్యి పిడి మీదే ఉండిపోయింది, వదలడం కూడా చేతకాక. ఆ బరువుకే పిడి తిరిగింది. తలుపు తెరుచుకుంది.

తెల్లటి దుప్పటి ఒకటి తలుపు పక్కనే గోడ వారగా కూలబడి ఉంది. దుప్పట్లోంచి రెండు చేతులు బయటికి వచ్చాయి. జోడించి ఉన్నాయి.

“మాత్ర వద్దమ్మా. నీకు దణ్ణం పెడతాను. ఇంక ఏడవను. మాత్ర మాత్రం వద్దు.”

లారీ తాతగారు.

కింద పడ్డ టార్చి వెలుగులో చూస్తే గదిలో విరిగిన మంచాలు, చిరిగిన పరుపులు, కప్పు నుంచి కారుతున్న నీటి కింద ఒక బకెట్టు. వదిన ఆయన పక్కన చతికిలబడి, చేతులు రెండూ పట్టుకుంది. మాత్ర లేదు, ఏమీ లేదు, భయపడకండి అని నచ్చచెప్పింది. ఏమైందని అడిగింది. అడిగి, అలవాటు కొద్దీ, మీ ఆవిడ కోసమే అయితే ఆవిడ బానే...

“ఆ మాట ఇక్కడ వద్దమ్మా” అన్నారాయన. “ఈ గదిలో మాత్రం వద్దు.”

ఆయనకి తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

భార్య వాకరు పిడికి పట్టు కోసం ఆయనే ఆకుపచ్చ తాడు చుట్టారు — లారీ సరుకు మీద పట్టా బిగించే తాడు. జ్వరాలు వచ్చాక ఒక రోజు పొద్దున కిటికీలోంచి చూస్తే, కింద ఎండలో ఎవరో వేరే ఆవిడ ఆ వాకరుతో నడుస్తోంది. ఆకుపచ్చ తాడు అలాగే ఉంది. మనిషి ఉండగా వాకరు ఇంకొకరికి ఇవ్వరు కదా.

అంతే. ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మరి నన్నెందుకు రోజూ అడుగుతున్నారు తాతగారూ అంది వదిన.

ఆయన చిన్నగా అన్నారు: “అడగడం మానేస్తే నాకు తెలిసిందని మీకు తెలిసిపోతుంది. మీకు తెలిస్తే ఏడుస్తానేమోనని కనిపెట్టి చూస్తారు.” దుప్పటి భుజం మీదికి లాక్కున్నారు. “ఇంకోటి కూడా ఉందమ్మా. నువ్వు పాలు తాగిందని చెప్తుంటే... ఆ కాసేపూ తాగుతున్నట్టే ఉండేది.”

వదిన ఇక ఆపుకోలేకపోయింది. ఆ గదిలో ఆయన పక్కనే కూర్చుని ఏడ్చింది.

తర్వాత ఆయనే మిగతాది చెప్పారు. ఆ గదిలో ముసలావిడా లేదు, చావూ లేదు. కప్పు కారుతోందని వదిలేసిన గది, అంతే. మొదట దొంగతనంగా అక్కడికి వెళ్ళింది దర్జీ బామ్మ. అంతస్తుకంతటికీ పెద్దావిడ, ఒకప్పుడు బట్టలు కుట్టేది. ఎందుకు ఏడ్చిందో ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడుపు విని వాచ్‌మన్ పరుగు తీశాడు. జ్వరం తగ్గాక వచ్చి అందరికీ కథ చెప్పాడు. బామ్మ దిండుకి ఆనుకుని అంతా విని, అవును నాయనా, ఆ గదిలో ఒకావిడ పోయింది, నేనెరుగుదును అని ఒట్టు వేసి మరీ చెప్పింది. పోయినావిడ కట్టుకున్న బట్ట రంగుతో సహా చెప్పిందట. వాచ్‌మన్ మిగతాది కలిపాడు. వంపులో బల్బు విప్పేది మాత్రం ఆ అంతస్తు ముసలివాళ్ళే.

ఆ తర్వాత ఒక్కొక్కరుగా వెళ్ళడం మొదలుపెట్టారు. మాట్లాడుకున్నది లేదు. ఒకరి మంచం ఖాళీగా ఉంటే ఇంకొకరు కదలరు. తిరిగి వచ్చినవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. టీచరమ్మా వెళ్ళేది.

“తిండి పెడుతున్నారు, మంచం ఇచ్చారు, మందులిస్తున్నారు. కాదనను” అన్నారు తాతగారు. “ఏడవడానికే చోటు లేదమ్మా. దెయ్యాన్ని అడ్డం పెట్టుకుంటే గానీ దొరకలేదు.”

తెల్లారాక వదిన తాతగారి కొడుక్కి ఫోను చేసింది. మీ నాన్నగారికి తెలుసు అని మాత్రమే చెప్పింది. రాత్రి కొట్టు కట్టేసి వస్తానన్నాడు.

వచ్చాడు. అప్పటికి తాతగారు మంచం మీద లేరు. అతన్ని వంపు దాకా తీసుకెళ్ళి, వదిన అక్కడే నిలబడిపోయింది. లోపల ఏడుపు మొదలై చాలాసేపయింది. కొడుకు తలుపు ముందు నిలబడ్డాడు. పిడి మీద చెయ్యి వేశాడు, తీశాడు. మళ్ళీ వేశాడు, తీశాడు. చివరికి ఆ గుమ్మం ముందే కూలబడి, చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

లోపల ఏడుపు ఆగింది.

మళ్ళీ ఆ బొంగురు గొంతు వస్తుందని వదిన అనుకుంది. పో అంటారు, వెళ్ళిపో అంటారు... కానీ తండ్రి బిడ్డ ఏడుపు పోల్చుకోలేడా.

“లోపలికి రారా” అంది గొంతు. “తలుపు తీసే ఉంది.”

ఆ రాత్రి చివరి గదిలో ఇద్దరు ఏడ్చారు. ఆపుకోకుండా, గుడ్డ అడ్డం పెట్టుకోకుండా ఏడ్చారు. కింద గేటు దాకా వినిపించింది. మర్నాడు కొడుకు తండ్రిని ఇంటికి తీసుకుపోయాడు. అప్పటికే వాచ్‌మన్ చుట్టుపక్కలంతా చాటేశాడు — దెయ్యం ఒంటరిగా లేదు, జత కుదిరింది అని.

ఆ మాట మేనేజరు చెవిన పడింది. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు గానీ, వీధిలోకి పాకాక హోము పేరు పోతుందని భయం పట్టుకుంది. మేస్త్రీని పిలిపించి ఆ తలుపుకి ఇనప పట్టీ వేయించాడు. తాళం వేశాడు. తాళం చెవి తనతో పాటు ఇంటికి పట్టుకుపోయాడు. వదిన వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పింది. గది అలాగే వదిలేయమని, తన వల్ల రట్టయిందని కోపమైతే తనని పగటి డ్యూటీకి మార్చమని కూడా అంది. ఆయన అంతా విని, అంత అశాంతిగా ఉంటే డాక్టరు చేత అందరికీ మాత్ర రాయిద్దాం అన్నాడు. వదిన ఇంకో మాట మాట్లాడకుండా బయటికి వచ్చేసింది. మాట్లాడితే ఆ మాత్ర తన చేత్తోనే వెయ్యాలి.

తాళం పడ్డాక ఆ అంతస్తు చూడలేకపోయాను అంది వదిన. అందరూ వేళకి తినేవారు. వేళకి పడుకునేవారు. దర్జీ బామ్మ తువ్వాలు నోట్లో కుక్కుకుని దుప్పటి ముసుగేసుకునేది. మంచం కిర్రుమంటే చాలు, చప్పున ఆగిపోయేది. టీచరమ్మ గోడ వైపు తిరిగి, గోరుతో సున్నం గీకుతూ ఉండిపోయేది. లారీ తాతగారి మంచంలోకి కొత్తగా వచ్చినాయనకి మొదటి రాత్రే కళ్ళు తడిశాయి. పక్క మంచం మనిషి తెర సందులోంచి చెయ్యి చాపి, గబగబా తుడిచేశాడు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక రాత్రి — వాన లేదు, గాలి లేదు. లైట్లన్నీ వెలుగుతున్నాయి. వదిన కుర్చీలో కూర్చుని మర్నాటి మందులు సర్దుతోంది.

ఏడుపు వినిపించింది.

సన్నగా కాదు. తెంపులు తెంపులుగా కాదు. గొంతెత్తి... గుండెలు పగిలేలా... ఎవరి భయమూ లేకుండా.

వదిన లేచి పరుగున వెళ్ళి మంచాలు చూసింది. ఒక్కో దుప్పటీ పట్టుకుని చూసింది. దిండ్లు కాదు, మనుషులే. అందరూ ఉన్నారు. ఒక్కరూ నిద్రపోవడం లేదు. వెల్లకిలా పడుకుని, కళ్ళు తెరుచుకుని, కప్పు వైపు చూస్తూ వింటున్నారు.

బీరువా దాటింది. వంపు తిరిగింది. ఇనప పట్టీ అలాగే ఉంది. తాళం అలాగే ఉంది. లోపల ఏడుస్తున్నారు.

ఎలా వెనక్కి వచ్చిందో తెలియదు. దర్జీ బామ్మ మంచం దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, బామ్మ చెయ్యి పట్టుకుని, ఎవరు బామ్మా అది, మీలో ఎవరు అని అడిగింది.

“మాలో ఎవరూ కాదమ్మా” అంది బామ్మ. భయపడలేదు. ఎన్నాళ్ళకో దప్పిక తీరినట్టుంది ఆవిడ మొహం. వదిన నోటి మీద మెల్లగా చెయ్యి పెట్టింది.

“ఉష్... ఏడవనీ. మా అందరి బదులూ ఏడుస్తోంది.”